వచ్చిన దారినే వెళ్తానంటే ఎలా?

వెబ్‌సైట్లలో సృజన చచ్చిపోయిందనీ, యాప్‌లన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయనీ ఈ మధ్య చాలామంది బాధపడుతున్నారు. పాపం, వాళ్లు చూడాల్సిన చోట చూడటం లేదు. హోమ్ పేజీ మీద ఎవరు బుర్ర పెడతారండీ? మా వ్యాపారంలో ఉన్న అసలు ప్రతిభ చూడాలంటే ఏదైనా ఒక చందా రద్దు చేసుకోవడానికి ప్రయత్నించండి.

చేరడానికి ఏముంది! ఫోన్ నంబరు, ఓటీపీ, ఆటోపేకి ఒక పిన్. మొదటి నెల ఉచితం. కాఫీ చల్లారేలోపు మీరు 'మా కుటుంబ సభ్యులు' అయిపోతారు. నెల తిరిగాక, ఇక చాలు, వెళ్లొస్తానంటే అప్పుడు మొదలవుతుంది మర్యాద. క్యాన్సిల్ అనే ముక్క 'అకౌంట్'లో కనబడదు, 'సెట్టింగ్స్'లో కనబడదు. 'హెల్ప్'లోకి వెళ్లి, 'తరచూ అడిగే ప్రశ్నలు' అన్నీ దాటాక, తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో ఉంటుంది. ఆ రంగు ఊరికే వచ్చింది కాదు. రేపు ఎవరైనా నిలదీస్తే 'బటన్ పెట్టాం కదా' అనడానికి సరిపడా ముదురుగా, మామూలు కంటికి ఆననంత లేతగా ఉండేలా ఏరి కోరి తెచ్చిన రంగు.

నొక్కారా? ఇప్పుడు ఏడుపు మొహం బొమ్మ. 'మీరు వెళ్లిపోతున్నందుకు మాకెంతో బాధగా ఉంది.' దాని కింద అరచేయంత పచ్చ బటన్: 'ఉండిపోతాను'. ఆ కింద చీమ తలకాయంత అక్షరాల్లో: 'వద్దు, డబ్బు ఆదా చేసుకోవడం నాకిష్టం లేదు'. అంటే బయటపడాలంటే ముందు మీరు తెలివితక్కువవారని మీ వేలితోనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇంకో పేజీ, సగం ధరకే ఇస్తామంటూ. నిన్నటిదాకా పూర్తి ధర ఎందుకు గుంజారన్న ప్రశ్నకు అక్కడ ఏ బటనూ ఉండదు.

ఈ విద్యలో దిగ్గజాల్ని తలుచుకోకపోతే పాపం. ఒకే ఒక్క క్లిక్కుతో వస్తువు కొనిపించే పద్ధతికి అమెజాన్ 1999లో అమెరికాలో పేటెంటు సంపాదించింది. 2017లో గడువు తీరేదాకా ఆ ఒక్క క్లిక్కు వాళ్ల సొత్తు. కొనడానికి రెండో క్లిక్కు కూడా దండగ అనుకున్న అదే సంస్థ, ప్రైమ్ సభ్యత్వం వదులుకునే దారికి లోపల్లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్', అంటే గ్రీకు కవి హోమర్ చెప్పిన సుదీర్ఘ యుద్ధకావ్యం పేరు. 2023లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాలో ఆ దారి కొలతలు కూడా ఉన్నాయి: నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఎంపికలు. ఆ పేరు పెట్టినవాడెవడోగానీ, ఆ భవనం మొత్తంలో నిజాయతీ ఉన్న మనిషి అతనొక్కడే. పాపం హోమర్ దగ్గరే ఆగిపోయాడు. మన గచ్చిబౌలి కుర్రాళ్లనెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే పద్మవ్యూహం అని ఠక్కున అందించేవాళ్లు.

ఆ కేసు 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ అయింది. సంస్థ తప్పేమీ ఒప్పుకోలేదు, డబ్బు మాత్రం ఒప్పుకుంది. రాజీ షరతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: 'వద్దు, నాకు ఉచిత డెలివరీ అక్కర్లేదు' అనే తరహా బటన్ ఇకమీదట పెట్టకూడదట. ఒక బటన్ మీది వెటకారం చెరిపించడానికి అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఇక్కడ మావాళ్లని అడిగితే ఒకటే జవాబు: 'టెక్నికల్‌గా కష్టమండీ'. ఈ పనులు డబ్బిచ్చి చేయించేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, క్యాన్సిల్ బటన్ పెట్టడం ఒక పూట పని. కష్టమంతా దాన్ని దాచడంలో ఉంది. దానికి డిజైనర్ కావాలి, మాటలు రాసేవాడు కావాలి, లెక్కలు చూసేవాడు కావాలి. సగం మందికి ఏడుపు బొమ్మ, మిగతా సగానికి కుక్కపిల్ల బొమ్మ చూపించి, దేనికి ఎక్కువమంది వెనక్కి తిరిగారో సోమవారం మీటింగులో గ్రాఫు గీయాలి. గెలిచింది కుక్కపిల్లైతే దాన్ని కనిపెట్టినవాడికి ప్రమోషన్. ఈ తెలివిలో పదో వంతు సరుకు బాగుచేయడం మీద పెడితే జనం వెళ్లిపోతామనే వారు కాదేమోనన్న అనుమానం నాకుంది. మీటింగులో అంటే పాతకాలపు మనిషినంటారు.

మన ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని అనకండి. ఇలాంటి మాయలకు 'డార్క్ ప్యాటర్న్స్' అని హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ 2010లోనే పేరు పెట్టాడు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చి, వాటిలో 13 రకాలు పేరుపేరునా లెక్కపెట్టింది. అడక్కుండా బుట్టలో దూరే విరాళం, 'రెండే మిగిలాయి' అనే తొందర, చివరి పేజీలో ప్రత్యక్షమయ్యే ఫీజులు, వదిలించుకోలేని చందా, అన్నీ అందులో ఉన్నాయి. 2025 జూన్‌లో ఇంకో అడుగు వేసింది: మూడు నెలల్లో మీలో ఇలాంటివేమైనా ఉన్నాయేమో మీరే తనిఖీ చేసుకోండి అని ఈ-కామర్స్ సంస్థలకు సలహా ఇచ్చింది. నవంబరుకల్లా 26 పెద్ద వేదికలు తమలో ఏ దోషమూ లేదని ధ్రువీకరించుకున్నాయి. ప్రశ్నపత్రం చేతిలో, ఎర్ర పెన్నూ చేతిలోనే. ఫెయిలైనవాళ్లెవరూ లేరు.

అయితే ఈ చందాల వలలో ఒక్క చిన్న చిల్లు మిగిలిపోయింది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఇలా నెలనెలా కోసుకునే డబ్బుకు కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలూ ఉండాలి. యూపీఐ అయితే ఇంకా సులువు. మీ పేమెంట్ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి, ఆ చందాకి డబ్బు కోసుకునే అనుమతిని రద్దు చేసేయొచ్చు. ఏడుపు బొమ్మ ఉండదు, కుక్కపిల్లా ఉండదు.

ఈ సంగతి ఒక క్లయింటుకి చెప్పాను. కుర్రాడు చురుకైనవాడు, ఇప్పుడిప్పుడే పెట్టుబడి తెచ్చుకున్నాడు. మొహం వాడిపోయింది. కాసేపు లాప్‌టాప్ మూత వేసీ తీసీ ఆలోచించాడు. తర్వాత వెలుగుతున్న కళ్లతో అడిగాడు: "అన్నా, ఆ 24 గంటల ముందు మెసేజ్ ఉంది చూడు... అది రాత్రి రెండింటికి వెళ్లేలా ఏమైనా చేయొచ్చా?"