స్ట్రిక్టేనా అండీ?

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, విజయవాడలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఒక పెద్దమనిషి రావడం మొదలుపెడతాడు. ఆయన్ని పీఆర్వో అంటారు. చేతిలో నిగనిగలాడే బ్రోచర్, సంచిలో రసీదు పుస్తకం. హాఫ్ ఇయర్లీ మ్యాథ్స్‌లో పిల్లాడికి ఎన్నొచ్చాయో కన్నతండ్రికి తెలియకపోవచ్చు, ఈయనకు తెలుసు. పబ్లిక్ పరీక్షలు మార్చిలోనైనా ఇంటర్ సీటు జనవరిలోనే అమ్ముడైపోతుంది. బోర్డు వారి అడ్మిషన్ షెడ్యూలు ఇంకా రాలేదు కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, వాడు లోకజ్ఞానం లేనివాడి కింద లెక్క.

మొన్న మా పై ఫ్లోర్ ప్రసాద్ గారింటికి ఆయన వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కాఫీలయ్యాక ప్రసాద్ గారు గొంతు సవరించుకుని అసలు సంగతిలోకి దిగారు.

“స్ట్రిక్టేనా అండీ?”

“ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి సార్.”

“ఎన్నింటికి లేపుతారు?”

“ఐదింటికి సార్. స్టార్ బ్యాచ్‌ని నాలుగున్నరకే.”

“ఫోను?”

“గేటు దగ్గరే లాగేసుకుంటాం.”

“ఔటింగు?”

“నెలకోసారి. మార్కులు తగ్గితే అదీ కట్.”

ఒక్కో జవాబుకీ ప్రసాద్ గారి మొహం కొంచెం కొంచెం విప్పారింది. లాడ్జీకి వెళ్లి “గదిలోకి గాలి రాదు కదా? కుళాయి సగంలో ఆగిపోతుంది కదా?” అని వాకబు చేసి, అవునండీ అనగానే పొంగిపోయి అడ్వాన్స్ చేతిలో పెట్టే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య మాత్రం “రాత్రి పడుకునేది ఎన్నింటికండీ?” అన్నారు. పీఆర్వో బ్రోచర్ తిరగేశాడు. ఏసీ క్యాంపస్ ఉంది, డిజిటల్ క్లాస్‌రూమ్ ఉంది, నిద్ర ఎక్కడా లేదు. “పదిన్నరకి స్టడీ అవర్ అయిపోతుంది మేడమ్” అన్నాడు చివరికి. మధ్యలో నువ్వేంటన్నట్టు ప్రసాద్ గారు ఆవిడ వంక చూశారు.

కుర్రాడు కూడా ఆ గదిలోనే ఉన్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికేముంది? ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో వేసిన రోజే వాడు ఎంపీసీ అయిపోయాడు.

పీఆర్వోని అని లాభం లేదు. ఆరా తీస్తే ఆయన జువాలజీ లెక్చరర్. ఏడాదికి ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్; తేకపోతే జీతం సంగతి తర్వాత చూద్దామంటారు. ఆయన మీద డీన్, డీన్ మీద ఏజీఎం, ఏజీఎం మీద ఇంకెవరో. పైనుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగి వచ్చేది ఏ మెట్టు దగ్గరా ఖర్చవదు. అడుగున పదహారేళ్ల పిల్లాడి దగ్గరే మొత్తం జమ అవుతుంది.

చదువుల్లో ఒత్తిడి పెరిగిపోయిందని ఏటా ఫలితాల వారంలో మన పత్రికలు బాధపడతాయి. ఎదుటి పేజీలో ర్యాంకుల ప్రకటన ఉంటుంది కాబట్టి ఆ బాధ క్లుప్తంగా ఉంటుంది. నాకు అర్థంకానిదల్లా, ఒత్తిడిని ఈ కాలేజీల్లో లోపంగా లెక్కేయడం. అది లోపం కాదండీ, సరుకు. వాయిదాల్లో డబ్బు కట్టించుకుని, రసీదిచ్చి మరీ అమ్ముతున్నారు. నమ్మకం లేకపోతే పిల్లలు ఎనిమిది గంటలు పడుకునే కాలేజీ ఒకటి కానూరులోనో బాచుపల్లిలోనో పెట్టి చూడండి. రెండో ఏడాదికల్లా ఆ భవనానికి కల్యాణ మండపం బోర్డు పడుతుంది.

సరుకు తయారీ విధానం కూడా చెప్పుకోవాలి. పొద్దున లేచింది మొదలు మైక్రో షెడ్యూలు. వారమంతా చదివింది వీకెండ్ టెస్టులో కక్కాలి. తప్పు రాసిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పిందో ఎర్రర్ లిస్టు రాయాలి. రాత్రికి తండ్రి ఫోనుకి మెసేజ్ వస్తుంది: మార్కులు, సెక్షన్ ర్యాంకు, క్యాంపస్ ర్యాంకు. నాలుగు టెస్టులయ్యాక సెక్షన్లు మారుస్తారు. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్నవాడు ఇవాళ కింది అంతస్తుకి పెట్టె మోసుకుంటూ దిగుతాడు. దిగేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు, ఎక్కేవాడికి డీన్ షేక్‌హ్యాండ్ ఇస్తాడు.

ఆదివారం వార్డెన్ ఫోన్ దగ్గర క్యూ. వెనకవాడు తొందరపెడుతుంటాడు కాబట్టి మాట్లాడేది కొంచెమే.

“ఎలా ఉన్నావు నాన్నా?”

“బాగున్నా.”

“వీకెండ్ ఎంతొచ్చింది?”

మెసేజ్ చూసుకుని కూడా అడుగుతారు. పిల్లాడి నోటితో వినడంలో ఏదో తృప్తి.

మనసు బాగాలేని వాళ్ల కోసం కేంద్రం 2022 అక్టోబరులో టెలీమానస్ పెట్టింది. 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నిజంగా మంచి ఏర్పాటు. హాస్టల్ గోడల మీద ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. గోడ మీద నంబరుంటుంది, ఫోను వార్డెన్ సొరుగులో ఉంటుంది. సొరుగు తెరవాలంటే ఎవరికి చేయాలో, ఎందుకు చేయాలో వార్డెన్‌కి చెప్పాలి.

కోర్టుల సంగతి వేరు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న ఆ కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమందో అంతకు మించో పిల్లలున్న చోట అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టమంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. నలుగురిలో అవమానించొద్దంది. హాస్టల్ గదుల్లో సురక్షితమైన సీలింగ్ ఫ్యాన్లు బిగించమంది. రాజస్థాన్‌లోని కోటాలో అంతకు రెండేళ్ల ముందే, 2023 ఆగస్టులో, జిల్లా అధికారులు స్ప్రింగు ఫ్యాన్ల ఆదేశం ఇచ్చారు.

ఈ పదిహేనింటినీ ఒక కరస్పాండెంట్ గారి బల్ల మీద పెట్టామనుకోండి. ఎలక్ట్రీషియన్‌తో అయిపోయే పని ఒక్కటే కనిపిస్తుంది. మిగతా పద్నాలుగింటికీ టైంటేబుల్ ముట్టుకోవాలి.

ముట్టుకోకుండా ఎలా పాటించాలో కూడా మనవాళ్లకు తెలియదనుకోవద్దు. నేనే డీన్‌నైతే ఈపాటికి సర్క్యులర్ ఇచ్చేసేవాణ్ణి. “బ్యాచ్‌లు ఉండరాదన్న గౌరవ న్యాయస్థానం వారి ఆదేశం మేరకు నేటి నుంచి స్టార్ బ్యాచ్‌ను ధ్రువ కుటుంబమనీ, సీ సెక్షన్‌ను సహన కుటుంబమనీ పిలవవలెను. ఒత్తిడి నివారణ తరగతి తెల్లవారుజామున 4.30 నుంచి 5 వరకు జరుగును. హాజరు తప్పనిసరి. ప్రశాంతతపై ప్రతి శనివారం యాభై మార్కుల పరీక్ష ఉండును. ముప్పై అయిదు కన్నా తక్కువ ప్రశాంతంగా ఉన్నవారి తల్లిదండ్రులను పిలిపించెదము. కౌన్సెలర్ గారు అందుబాటులో ఉన్నారు. అడ్మిషన్ల సీజన్‌లో మాత్రం ఫీల్డులో ఉందురు.”

కోచింగ్ సెంటర్లు పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదని, రోజుకు ఐదు గంటలు మించి క్లాసులు చెప్పకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో చెప్పింది. మాది కోచింగ్ సెంటర్ కాదు, జూనియర్ కాలేజీ అంటారు. మరి ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఏమిటంటే, అది కోచింగ్ కాదు, కరిక్యులమ్ అంటారు. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని బోర్డు చెబుతుంది. పెట్టిన క్లాసులో పిల్లలు ఆ వార్తను పేపర్లో చదువుకోవచ్చు, పేపర్ లోపలికి రానిస్తే.

పిల్లలకు పరీక్షలంటే భయం పోవాలని ఉపన్యాసాలిచ్చే ముందు, పరీక్ష పెట్టేవాళ్ల సామర్థ్యం కూడా ఒకసారి చూడాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిలన్నారు. ఒకమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే ఆ సున్నా 99 అయింది. సాఫ్ట్‌వేర్ తప్పులన్నారు, దిద్దడంలో తప్పులన్నారు, త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూస్తామన్నారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు లేకుండా పోయారు. ఆ వారమంతా టీవీల్లో నిపుణులు కూర్చుని, ఓటమిని తట్టుకోవడం పిల్లలు నేర్చుకోవాలని చెప్పారు. సున్నా వేసినవాళ్లు ఏం నేర్చుకోవాలో చెప్పడానికి టైం చాలలేదు.

అదే బోర్డు పరీక్షకు నిమిషం ఆలస్యమైతే హాల్లోకి రానిచ్చేది కాదు. 2024లో పెద్దమనసు చేసుకుని ఐదు నిమిషాలు సడలించింది.

దేశం మొత్తం మీద 2022లో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఈ అంకె మీద నాకు వ్యంగ్యం రాదు.

అంకెలంటే మనకు వేరే ఉన్నాయి. జూన్ వస్తే టీవీ ముందు కూర్చోండి. ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే ఆ గొంతును తెలుగువాళ్లు నిద్రలోనూ గుర్తుపడతారు. ఆ గొంతు చదవని లెక్క ఒకటుంది. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. ఉన్న 23 ఐఐటీల్లో సీట్లు 18 వేల పైచిలుకు. నీట్ రాసినవాళ్లు 22 లక్షలు దాటారు. తెరమీద కనిపించే ర్యాంకరు చాలాచోట్ల ఫీజు కట్టడు, ఆయన్ని బతిమాలి తెచ్చుకుంటారు. ఫీజు కట్టేది సహన కుటుంబం. ప్రకటన ఖర్చూ వాళ్లదే. వాళ్ల ఫొటో మాత్రం అందులో పడదు.

అయినా యాజమాన్యాలకు మనసు లేదని అనకండి. మా వైపు ఒక కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారికి ఏం తోచిందో, సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర వరకు పిల్లల్ని ఆటలకు వదిలారు. రెండో వారం పేరెంట్స్ మీటింగ్. హాలు నిండిపోయింది.

“ఆటలాడించడానికా లక్షలు పోసింది?” అన్నాడు ముందు వరసలోని ఆయన. “రోజుకి అరగంటంటే నెలకి పదిహేను గంటలు. కెమిస్ట్రీ ఒక చాప్టర్ లేచిపోతుంది” అని ఇంకొకరు లెక్క కట్టారు. “పక్క క్యాంపస్‌లో ఆటల్లేవట” అని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ప్రిన్సిపాల్ గారు పాపం, నిద్ర గురించి, మెదడు గురించి ఏదో చెప్పబోయారు. ఎవరూ వినలేదు. డీన్ గారు లోకం చూసిన మనిషి. మైకు అందుకున్నారు.

“ఆటలకి ఇంటర్నల్ మార్కులుంటాయండీ.”

హాలు నిశ్శబ్దమైపోయింది.

“ఎన్నింటికి?”

“పాతికకి. క్యాంపస్ ర్యాంకులో కలుస్తాయి.”

“ఆ మాట ముందే చెప్పొద్దా!” అని ముందు వరసాయన తేలిగ్గా నవ్వి కూర్చున్నాడు. వెనక నుంచి ఒకాయన లేచి, తమవాడు ఖోఖోలో కొంచెం వీకనీ, స్టడీ మెటీరియల్ ఏమైనా ఇస్తారా, ఆదివారాలు రెమిడియల్ ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నారు డీన్ గారు. దానికి ఫీజు వేరే.