ఇల్లు గట్టు రొక్కము: ఒక తైల చాటువుకు టీకా తాత్పర్యం

ఆ. చక్రములను విప్పి చక్కగా నిలబెట్టి
పదియు నారు మరలు వదులు చేసి
నల్ల నూనె దించి నవ్య తైలము బోసి
యిల్లు గట్టు రొక్క మిచ్చి మురిసె

అవతారిక: బుగాటీ వేరాన్ అనే కారుకు ఇంజన్ ఆయిల్ మార్పించిన సందర్భంలో పుట్టిన చాటువు ఇది. కవి ఎవరో తెలియదు. బిల్లు చేతికందిన క్షణంలో చెప్పిన ఆశువని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు, నాలుగు పాదాలకు మించి నోరు పెగల్లేదు కనుక. ఇందులో నాయకుడు కారే. 2005లో ఫ్రాన్సు దేశపు అల్సేస్ ప్రాంతంలో, మోల్సైమ్ అనే ఊళ్లో అవతరించి, 2015 వరకూ మొత్తం 450 రూపాలు ధరించాడు. 8 లీటర్ల ఇంజను, 16 సిలిండర్లు, 4 టర్బోలు, 1001 గుర్రాల బలం, గంటకు 407 కిలోమీటర్ల వేగం. లక్షణాలన్నీ ధీరోద్ధతుడివే. స్పీడ్ బ్రేకర్ ఎదురైనప్పుడు మాత్రం ధీరశాంతుడు.

ప్రతిపదార్థం: చక్రములను = వెనక చక్రాలను; విప్పి = ఊడదీసి; చక్కగా = గీత పడకుండా (గీత పడితే మరో పద్యం అవుతుంది); నిలబెట్టి = గోడకు ఆనించి; పదియు నారు = పదహారు సంఖ్య గల; మరలు = డ్రెయిన్ ప్లగ్గులను; వదులు చేసి = సడలించి; నల్ల నూనె = పాత ఇంజన్ ఆయిల్‌ను; దించి = కిందికి కార్చి; నవ్య తైలము = సీలు విప్పని డబ్బాలోని నూనెను; పోసి = నింపి; ఇల్లు గట్టు రొక్కము = ఒక గృహానికి సరిపడే నగదును; ఇచ్చి = సమర్పించి; మురిసె = సంతోషించెను.

తాత్పర్యం: కారుకు ఆయిల్ మార్చారు. డబ్బు కట్టారు.

విశేషాలు: ముందుగా వ్యాకరణం సంగతి. విప్పి, నిలబెట్టి, చేసి, దించి, పోసి, ఇచ్చి అని ఆరు క్త్వార్థకాలు వరసగా వచ్చి చివర ‘మురిసె’ అనే సమాపక క్రియతో ముగిశాయి. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కడే ఉండాలని నియమం. చక్రాలు విప్పినవాడు మెకానిక్కు. రొక్కమిచ్చినవాడూ అతడేనా? మెకానిక్కు ఎదురు డబ్బిచ్చిన దాఖలా లోకంలో లేదు. పోనీ యజమానే కర్త అందామంటే, వేరాన్ యజమాని కారు కింద దూరి మరలు సడలించాడని చెప్పుకోవాలి. అది మొదటి దానికంటే అసంభవం. కాబట్టి ‘పోసి’ అన్నచోట ‘పోయగా’ అని అర్థం చెప్పుకొని, ‘యజమాని’ అనే కర్తను అధ్యాహారం చేసుకోవాలి. బిల్లు చూశాక యజమాని తనను తాను మరిచాడు కనుక పద్యంలోనూ కనబడడు, ఇది దోషం కాదు గుణం అన్నవారున్నారు. ఆ మాట ఒప్పుకోదగ్గదే.

‘పదియు నారు’ దగ్గర కొంత ఆగాలి. పదహారు సిలిండర్లున్నాయి కనుక ఒక్కోదానికి ఒక్కో ప్లగ్గు అని బాలబోధినులు రాస్తాయి. తప్పు. సిలిండర్ల లెక్కకూ ప్లగ్గుల లెక్కకూ సంబంధం లేదు. అసలు కారణం డ్రై సంప్. మామూలు కారులో ఇంజన్ అడుగున పళ్లెం ఉంటుంది, నూనె అందులోకి చేరుతుంది, పంపు అక్కణ్నుంచే పీల్చుకుంటుంది. మన వీధి చివరి షెడ్డులో కుర్రాడు గోనెసంచి పరుచుకుని ఆల్టో కింద వెల్లకిలా పడుకుంటాడు. స్పానర్‌తో ఒక్క బోల్టు తిప్పి, ఆఖరి చుట్లు వేళ్లతో తీస్తూ, చటుక్కున చెయ్యి లాగేసుకుంటాడు. మోచేతి దాకా కారకుండా తప్పుకోవడమే అతని విద్య అంతా. సగానికి కోసిన పాత డబ్బాలోకి నూనె మొదట జడలా, తర్వాత దారంలా, చివరికి చుక్కలుగా పడుతుంది. మూడు లీటర్లు అటూ ఇటూ, ఒక్క మర, కథ ముగిసింది.

వేగంగా మలుపు తిరిగే కారుకు ఆ పళ్లెం పనికిరాదు. నూనె అంతా ఒక పక్కకు ఎగబాకుతుంది, పంపు గాలి మింగుతుంది, నూనె అందని బేరింగు క్షణాల్లో మాడుతుంది. అందుకని పళ్లేన్ని పల్చన చేసి, నూనెను వేరే ట్యాంకులో దాచి, అడుగున చేరినదాన్ని చేరినట్టే తోడి ట్యాంకుకు పంపడానికి వేరే పంపులు పెట్టారు. పళ్లెం మందం తగ్గినందున ఇంజనూ నేలకు దగ్గరైంది. లాభమే. కానీ నూనె ఇప్పుడు ఒక్కచోట లేదు. ట్యాంకులో కొంత, గొట్టాల్లో కొంత, రేడియేటరులో కొంత. ఒక్క మర విప్పితే అంతా రాదు. ఆ మరల దగ్గరికి చెయ్యి పోవాలంటే ముందు చక్రాలూ, చక్రాల గూళ్లలోని అడ్డురేకులూ, అడుగు కవచమూ తొలగాలి. మొదటి పాదానికీ రెండో పాదానికీ ఉన్న కార్యకారణ బంధం ఇదే. పూజకు షోడశోపచారాలున్నట్టే నూనెకూ పదహారు అన్నవారి ఊహ అందంగానే ఉంది, కాకపోతే అక్కడ దక్షిణ భక్తుడి ఇష్టం.

‘వదులు చేసి’ అన్నది మరలకే కాక యజమాని పర్సుకూ అన్వయిస్తుంది. శ్లేష.

‘నల్ల’ అనే విశేషణం పాత నూనెను నిందిస్తున్నట్టు కనబడుతుంది. అన్యాయం. ఇంజన్లోని మసిని ఎక్కడా పేరుకోనీయకుండా తనలో కలుపుకుని తిరిగే మందులు ఆ నూనెలో ఉంటాయి. అది తన పని తాను చేసింది కనుకనే నలుపెక్కింది.

‘తైలము’ అన్న మాటకు తిల సంబంధి, అంటే నువ్వుల నూనె అని కోశాలు చెబుతాయి. వేరాన్‌లో నువ్వుల నూనె పోయరు. అయితే గింజ నూనెలు ఇంజన్లకు పనికిరావని తీసిపారేయనూ కూడదు. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో పెట్టిన కంపెనీ తర్వాతి దశాబ్దంలో తన నూనెలో ఆముదం కలిపి, దాని ఇంగ్లీషు పేరు మీదుగానే 1909లో క్యాస్ట్రాల్ అని నామకరణం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంజనే గిర్రున తిరిగే విమానాలకు ఆముదమే పోసేవారు. పెట్రోలులో అది తేలిగ్గా కరగదు, అందుకని. కాలకుండా మిగిలిన ఆముదం పొగతో కలిసి వెనక కూర్చున్న పైలట్ ముఖాన కొట్టేది. పీల్చినంత పీల్చి, మింగినంత మింగి కిందికి దిగినవాడికి ఆముదం తన రెండో గుణం చూపించేది. పాలమూరు, నల్లగొండ ఎర్రచెలకల్లో ఆముదం వేసుకునే రైతుకు ఈ చరిత్ర ఎవరైనా చెప్పారో లేదో. చెట్టు లేని ఊళ్లో మహావృక్షమని సామెత చెప్పి వదిలేశాం గానీ, ఒక కాలంలో ఆకాశమంతా ఆ చెట్టుదే.

‘ఇల్లు గట్టు రొక్కము’ అన్నది అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి. ఇంకా మాట్లాడితే న్యూనోక్తి. వేరాన్‌కు ఆయిల్ మార్పిడి 20,000 డాలర్ల పైమాటేనని లోకప్రసిద్ధి. మన డబ్బుల్లో 16 లక్షల పైమాటే. తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇంటికి ఇచ్చేది 5 లక్షలు. అంటే ఒక్క ఆయిల్ మార్పిడికి మూడిళ్లు, పైన ప్రహరీగోడలు. కవి ‘ఇల్లు’ అని ఏకవచనం వాడింది ఛందస్సు కోసమే. ‘యిల్లు నమ్ము రొక్కము’ అని పాఠాంతరం కూడా ఉంది. గణాలు సరిపోతాయి గానీ అర్థం సరిపోదు. ఈ కారు కొన్నవాడికి అమ్ముకోవలసిన అవసరం ఉండదు, ఉంటే ఈ కారు కొనడు.

చివరి పదం మీదే అసలు వివాదం. కొన్ని ప్రతుల్లో ‘మురిసె’కు బదులు ‘మునిగె’ అని ఉంది. రెండూ మూడు లఘువులే కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. లోకజ్ఞుడైన పాఠకుడు ‘మునిగె’ వైపే మొగ్గుతాడు. నేను ‘మురిసె’నే నిలబెడుతున్నాను. ఏమంటే, ఇక్కడ చెల్లించినది నూనె వెల కాదు. నూనె డబ్బాలు ఎన్నయినా వాటి ఖరీదు ఈ బిల్లులో ఒక మూల పడి ఉంటుంది. మిగతాదంతా నూనె దగ్గరికి పోవడానికయ్యే దారి ఖర్చు. చేరడం అంత కష్టమైన చోట నూనె దాచుకున్న కారు తనదని యజమానికి తెలుసు. పది లక్షల యూరోలు దాటిన ధర పెట్టి కొన్నది వేగాన్ని అయితే, ఆ వేగం వాడుకునే రోడ్డు మహా అయితే జర్మనీలో కొంత ఉంది. రోజూ వాడుకోగలిగినది మాత్రం ‘ఆయిల్ మార్పించడానికే ఇంతైందండీ’ అని నలుగురిలో విసుక్కునే హక్కు. విసుగు వాచ్యం, మురిపెం వ్యంగ్యం. ఇదే ధ్వని.

శంక: తానే మార్చుకోకూడదా? మార్చుకోవచ్చు. అమెరికాలో ఖరీదైన కార్లు అద్దెకిచ్చే ఒకాయన వేరాన్‌ను సొంతంగా విప్పి, ప్లగ్గులన్నీ తీసి, నూనె మార్చి వీడియో పెట్టాడు. ఖర్చు ఎన్నో రెట్లు తగ్గింది. అప్పుడు కర్త ఒక్కడే అవుతాడు, వ్యాకరణ దోషం దానంతట అదే పరిహారమవుతుంది. కానీ నాలుగో పాదం పోతుంది.

మరో శంక: నూనె అంత అందరాని చోట ఎందుకు, పైకి అందేలా పెడితే పోదా? ఆ ప్రయోగం జరిగింది. 1972 నమూనా పోర్షే 911లో నూనె ట్యాంకును వెనక చక్రానికి ముందుకు జరిపి, కుడివైపు తలుపు వెనకాల బయటినుంచే పోసేలా చిన్న మూత పెట్టారు. బంకుల్లో కుర్రాళ్లు అది పెట్రోలు మూతనుకుని నూనె ట్యాంకులో పెట్రోలు పోశారు. మరుసటి ఏడాదికల్లా ఆ మూత మాయమైంది. అదే 911 గాలితో చల్లబడే రోజుల్లో నూనె మట్టం చూడాలంటే ఇంజను బాగా వేడెక్కాలి, చదునైన నేల మీద ఆగాలి, ఇంజను ఆడుతూనే ఉండాలి, అప్పుడు డిప్‌స్టిక్ తియ్యాలి. ఆపి చూసినవాడికి మట్టం తప్పుగా కనబడేది, తక్కువైందని మరికొంత పోసేవాడు, ఎక్కువైన నూనె గాలి గొట్టాల్లోకి ఎక్కి పొగ కక్కించేది. ముహూర్తం తప్పిన దర్శనం.

గేర్‌బాక్సుకూ నూనె ఉంటుంది కదా, దాని ప్రసక్తి ఈ పద్యంలో ఎందుకు లేదని శిష్యులు అడుగుతున్నారు. అది వేరే అధ్యాయం, దాని బిల్లు ఆటవెలదిలో ఇమడదు. సీసం కావాలి. కింద పన్నుకు ఎత్తుగీతి.