కొత్తల్లుడికి 75 వాట్లు

"ఏవండీ, హాల్లో ఫ్యాను కట్టెయ్యండి, వాడు పులిని చంపుతున్నాడు!"

ముప్ఫై రెండేళ్ల కాపురంలో మా ఆవిడ నన్ను చాలా చిత్రమైన పనులే పురమాయించింది గానీ ఇలాంటిది ఇదే మొదలు. ఆలోచిస్తే అందులో లెక్క ఉంది. కరెంటు పోయింది. మా ఇన్వర్టరు నాలుగు సీలింగ్ ఫ్యాన్లని మోస్తుంది, లేదా మా అబ్బాయి కంప్యూటర్ని మోస్తుంది. రెండూ కలిపి నెత్తిన పెడితే కుయ్యోమని అరిచి పడుకుంటుంది. మావి పాతకాలం ఫ్యాన్లు, ఒక్కోటీ 75 వాట్లు. వాడు కొత్తగా కొనిపించుకున్న గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 250. అంటే ఆటలో పులి చావాలంటే ఇంట్లో కనీసం మూడు ఫ్యాన్లు ఆగాలి. ఆ కార్డుకీ మూడు ఫ్యాన్లే ఉన్నాయి. మావి ఆగితే అవి తిరుగుతాయన్నమాట.

వాడు బీటెక్ మూడో సంవత్సరం. కార్డు డీప్ లెర్నింగ్ ప్రాజెక్టు కోసమని చెప్పాడు. లెర్నింగు సంగతి తెలీదు గానీ లోతుగా దిగబడింది మాత్రం నేనే. అయినా వాణ్ణి గట్టిగా అడగలేను. 1999లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, బ్యాంకు లోను పెట్టి, కంప్యూటరు కట్టించుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకు తెచ్చినవాణ్ణి నేను. "పిల్ల చదువుకి" అని ఆవిడకి చెప్పాను. పిల్లకి అప్పుడు నాలుగేళ్లు. రాత్రి పదకొండింటికి కార్ల పందెం ఎవరు ఆడేవారో ఆవిడకీ తెలుసు.

అందులో ఉన్నది రివా టీఎన్‌టీ2 కార్డు. అరచెయ్యంత ఉండేది. నెత్తిన చిన్న ఫ్యాను. పెట్టిన స్లాటులో కూర్చునేది, ఆ స్లాటులోంచి వచ్చిందే తినేది. పెళ్లయిన కొత్తలో మా అత్తవారింట్లో నేనూ అంతే. ఉప్పు తక్కువైనా అడగలేదు.

ఆ తర్వాతే అల్లుళ్లు మారారు. త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ 2000లో వూడూ5 6000 అని ఒక కార్డు తయారుచేసింది. దానికి నాలుగు చిప్పులు. కంప్యూటరు లోపల పెట్టే తిండి చాలదని దానికోసం గోడ ప్లగ్గుకి తగిలించే వేరే పవర్ డబ్బా, దానికి వూడూ వోల్ట్స్ అని పేరు కూడా పెట్టారు. అత్తారింటికి వంటవాణ్ణి వెంటబెట్టుకొచ్చే అల్లుడన్నమాట. పాపం ఆ కార్డు దుకాణాల దాకా రానేలేదు. ఆ ఏడాది చివరికల్లా కంపెనీ ఆస్తులు ఎన్విడియాకి అమ్మేసే ఒప్పందం కుదిరింది. ఎన్విడియా వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2003లో వాళ్ల ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా పెట్టే రొద భరించలేక జనం గోల పెడితే, కార్డుని ఎండుటాకులు ఊదే యంత్రంలా చూపిస్తూ వాళ్ల మీద వాళ్లే జోకేసుకుని వీడియో తీశారు.

సరిగ్గా ఆ 2003 ప్రాంతంలోనే పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కంప్యూటర్లో కార్డులు గుచ్చే స్లాటు ఎలా ఉండాలో, అందులోంచి సమాచారం ఎంత వేగంగా పోవాలో, కరెంటు ఎంత ఇవ్వాలో రాసిపెట్టిన కట్టుబాటు అది. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం బీవర్టన్‌లో పీసీఐ-సిగ్ అనే సంఘం ఉంది, ఆ పంచాయితీ పెద్దలు వాళ్లు. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పెద్ద స్లాటుకి వాళ్లు రాసిన వడ్డన 75 వాట్లు. మా హాల్లో ఫ్యాను ఎంతో అంత.

వేగం విషయంలో పెద్దలది చాలా ధారాళమైన చెయ్యి. మొదటి తరంలో ఆ స్లాటులోంచి రాకాపోకా కలిపి సెకనుకి 8 గిగాబైట్లు. అక్కణ్ణుంచి తరానికి రెట్టింపు. 2022 జనవరిలో ఆరో తరం 256 అన్నారు. 2025 జూన్‌లో ఏడోది 512. ఆ సిరా ఆరీ ఆరకముందే ఆగస్టులో ఎనిమిదోది ప్రకటించారు. 2028కల్లా సెకనుకి ఒక టెరాబైటట! మామూలు ఇళ్లలో కంప్యూటర్లు ఇంకా ఐదో తరం గడప దగ్గరే ఉన్నాయి. మాదైతే మూడోది. వీధిని 128 రెట్లు వెడల్పు చేస్తున్నారు సరే, స్లాటులో వడ్డించే గరిటె మాత్రం అదే, 75. ఇరవై ఏళ్లు దాటినా ఒక్క మెతుకు పెంచలేదు.

మరి అల్లుడి ఆకలో? ఎన్విడియా వంశంలో 2016 నాటి జీటీఎక్స్ 1080 తిన్నది 180 వాట్లు. 2020లో ఆర్‌టీఎక్స్ 3090కి 350, 2022లో 4090కి 450, 2025లో 5090కి 575. విస్తట్లో పెట్టేది చాలక పక్కవాకిలి గుండా క్యారియర్లు తెప్పించుకోవడం మొదలైంది. ఆరు పిన్నుల తీగ తగిలిస్తే ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150. చివరికి క్యారియర్లన్నీ కలిపి ఒకే గిన్నెలో కుక్కారు. పదహారు పిన్నుల ప్లగ్గు, పేరు నోరు తిరగదు, అగ్గిపెట్టె కన్నా పెద్దదేం కాదు. దాంట్లోంచి 600 వాట్లు.

ఇక్కడే అసలు ఇబ్బంది. మన గోడలో వచ్చేది 230 వోల్టులు, కాబట్టి 600 వాట్లకి మూడు ఆంపియర్లు కూడా పట్టదు. కార్డుకి వెళ్లేది 12 వోల్టులే. అదే 600 వాట్లకి అక్కడ 50 ఆంపియర్లు పారాలి. మా బెడ్రూం ఏసీ నిండు వేసవిలో కూడా గోడ నుంచి అందులో ఐదోవంతు లాగదు. ఆ 50 ఆంపియర్లూ పదహారింట్లో ఆరు సన్నటి పిన్నులే పంచుకోవాలి. ఒక్కో పిన్ను మోయగలిగింది తొమ్మిదిన్నర, మోస్తున్నది ఎనిమిది చిల్లర. ఒక పిన్ను సరిగ్గా ఆనకపోతే దాని వాటా మిగతావాళ్ల నెత్తిన. ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు పుట్టింటికి వెళ్లినట్టే. 2022లో 4090 వచ్చిన కొద్ది వారాలకే ప్లగ్గులు కరిగిన ఫొటోలు బయటికొచ్చాయి. పూర్తిగా నొక్కలేదన్నారు కంపెనీ వాళ్లు. 2023లో అందులో చిన్న పిన్నులని కాస్త పొట్టి చేసి, పూర్తిగా దిగితే గానీ కరెంటు రాకుండా దిద్దారు.

ఇవన్నీ చదువుకుని నేను 5090 ఊసెత్తనివ్వలేదు. ధర రెండు లక్షల పైమాట. రోజూ నాలుగు గంటలు పూర్తి జోరు మీద తిప్పితే నెలకి 69 యూనిట్లు అదొక్కటే తింటుంది. బేరమాడి, బతిమాలి 5070 దగ్గర దింపాను.

దుకాణంలో కుర్రాడు మా పాత డబ్బా విప్పి చూసి, "గిది పట్టది సార్" అన్నాడు. "కార్డు మంచిదే సార్, డబ్బ చిన్నగైంది. ఎస్‌ఎమ్‌పీఎస్ గూడ 450 ఉన్నది, 650 వడ్తది." కార్డు కొందామని వెళ్లి డబ్బా, లోపల కరెంటు పంచే ఎస్‌ఎమ్‌పీఎస్సూ కొనుక్కొచ్చాం. కోడిపిల్లకని వెళ్లి కోళ్లఫారం కొన్నట్టు. "ఐదో తరం కార్డు మూడో తరం బోర్డులో కూర్చుంటుందా బాబూ?" అంటే, "గూసుంటది సార్, ఏం ఫికర్ లేదు" అన్నాడు. కూర్చుంది. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నచ్చింది ఇదొక్కటే. ఏ తరం కార్డునైనా ఏ తరం స్లాటులో పెట్టినా పాత వేగానికి దిగొచ్చి సర్దుకుపోతుంది. ఆటల్లో తేడా చాలావరకు కంటికి ఆనదు. ఆ టెరాబైటు వీధులన్నీ మన పులుల కోసం కాదు, డేటా సెంటర్ల కోసం. అక్కడ ఒక్కో చిప్పే వెయ్యి వాట్లు తింటోంది. విశాఖపట్నంలో గూగుల్ కట్టబోయేది గిగావాటు స్థాయిదని 2025 అక్టోబరులో ప్రకటించారు కదా. మా ఇన్వర్టరుకి ఆ వార్త చదివి వినిపించాలనుంది.

బరువుకి కార్డు ఒక పక్కకి వాలుతోంటే కింద అమృతాంజనం సీసా ఎత్తు పెట్టాం. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశామా లేదా చూడ్డం ఆవిడ డ్యూటీ. టార్చిలైటు పట్టుకుని పదహారు పిన్నులూ దిగి ఉన్నాయా లేదా చూడ్డం నాది.

డాలస్‌లో మా అసలు అల్లుడి దగ్గర 5090 ఉంది. వాళ్ల గోడలో 120 వోల్టులే, గదికి 15 ఆంపియర్ల బ్రేకరు. లెక్క కడితే 1800 వాట్లు. కంప్యూటరు ఆడుతుండగా మా అమ్మాయి అదే లైనులో జుట్టారబెట్టుకునే యంత్రం పెట్టిందంటే గది చీకటి. "మీ 230 వోల్టులే నయం మామయ్యగారూ" అన్నాడు ఫోన్లో. అత్తారింటి గురించి అల్లుడి నోట మెప్పు వినడం అదే మొదలు.

మొన్న జూన్‌లో వాళ్లు వచ్చారు. ఆవిడ పనసపొట్టు కూర, గుత్తొంకాయ, పులిహోర, బొబ్బట్లు, బంగినపల్లి రసం బారుతీర్చింది. అల్లుడు విస్తరి వంక చూసి, "అత్తయ్యగారూ, షుగర్ పెరుగుతుందండీ, రెండు పుల్కాలు చాలు" అన్నాడు. ఆవిడ మొహం చూడాలి. పాతికేళ్లుగా వండిపెట్టడానికి ఎదురుచూసిన అల్లుడికి డెబ్భై ఐదు వాట్లు కూడా ఎక్కువే అయ్యాయి.

భోజనాలయ్యాక బావా బావమరదీ కంప్యూటరు గదిలో దూరారు. కాసేపటికి కరెంటు పోయింది. కేక వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆవిడే లేచి హాల్లో ఫ్యాను కట్టేసింది, పడగ్గదిలోది కట్టేసింది, వంటింట్లోదీ కట్టేసింది. అటక మీంచి తాటాకు విసనకర్ర దించి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టి, "అల్లుడుగారు ఆడుకుంటున్నారండీ" అంది.