యూనిట్ల సారు

ఊరికొక యూనిట్ల సారు తయారవుతున్న కాలమిది. ముందు రిటైరవుతాడు. నెల తిరక్కముందే ఇంట్లో 75 వాట్లు తాగే పాత ఫ్యాన్లు విప్పించి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తాడు. అక్కడితో ఆగితే బాగుండు. ఆగడు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి కొంటాడు. ఇక ఆ ఇంటికి చుట్టాలు తగ్గుతారు.

మా బావ ఆ జాతిలో మేలురకం. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాడు. కొండగట్టు గుట్ట కింద ముత్యంపేట దిక్కు అయిదు గుంటల జాగా ఉంది. కరెంటు తీగతో పనిలేని ఇల్లు అందులో కడుతున్నాడు. నాలుగేళ్ల నుంచి కడుతున్నాడు, నోటుబుక్కులో. జాగా మూలకే కరెంటు స్తంభం ఉంది. దానికి వీపు ఆనించి నిలబడి ప్లాను వివరిస్తాడు.

“కరెంటోళ్లకు దండం పెట్టుడు బంద్, బామ్మర్దీ. గిది ఆఫ్ గ్రిడ్.”

మొన్న జగిత్యాలలో పెళ్లికి పోయాం. అందరూ పెళ్లిపిల్లను చూస్తుంటే ఈయన పందిరికి వేసిన సీరియల్ లైట్లు లెక్కపెట్టాడు. అక్షింతలు వేసేవేళకు డీజే బాక్సుల దగ్గర దొరికాడు. “ఏం తమ్మీ, లోడెంత?” అని ఆ పిల్లగాణ్ణి అడుగుతున్నాడు.

నవ్వుతాం గానీ ఆయన పంతానికి మూలం లేకపోలేదు. ఈయన కందిలి ముందు చదువుకున్న మనిషి. పక్కన రామగుండంలో 1983లోనే ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలై, పెరిగి పెరిగి 2,600 మెగావాట్లయింది. బొగ్గు మనది, గోదారి మనది, మా ఊళ్లో మాత్రం అర్ధరాత్రి కరెంటు. మోటారు వేయడానికి చీకట్లో బావి కాడికి పోయి పాము మీద కాలేసినవాళ్లు ఇక్కడ ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇప్పుడా రోజులు లేవు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలూ ఉచిత కరెంటు వచ్చింది. 2024 నుంచి అర్హులైనవాళ్లకు ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. అలక పుట్టిన కారణం పోయింది, అలక మిగిలింది.

ఆయన లెక్క నేర్చుకోదగిందే. నాలుగు ఫ్యాన్లు, తొమ్మిది వాట్ల బల్బులు పది, ఒక ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, అరగంట బోరు, అన్నీ కలిపి రోజుకు నాలుగు యూనిట్లు. ఎండ సరిగ్గా ఉంటే ఒక కిలోవాట్ ప్యానెళ్లే ఆ నాలుగూ ఇస్తాయి. చిక్కు ఎండతో కాదు, ముసురుతో. మూడు రోజులు ముసురు పట్టిందంటే పన్నెండు యూనిట్లు దాచి ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది గనుక ఇరవై నాలుగు. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కోటి 1.8 యూనిట్లు పట్టుకుంటుంది. అంటే పద్నాలుగు బ్యాటరీలు. నలభై ఎనిమిది వోల్టులకు నాలుగేసి జత కలపాలి గనుక పదహారు. ఒక్కోటి దాదాపు యాభై కిలోలు తూగుతుంది. నోటుబుక్కులో మొదట పూజగది అనుకున్నది ఇప్పుడు బ్యాటరీ గది.

ఇక మా అక్క టైంటేబులు. మిక్సీ, ఇస్త్రీ, బోరు మూడూ పొద్దున పదకొండుకూ మధ్యాహ్నం రెండుకూ మధ్యనే, అదీ ఒకదాని తర్వాత ఒకటి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు ఎన్నో రెట్లు గుంజుతుందట, అప్పుడు మిక్సీ తిరిగితే ఇన్వర్టరు ట్రిప్పవుతుందట.

“అయితే సారూ, చుట్టాలు గూడ పదకొండింటికే రావాల్నా?” అంది అక్క. కొండగట్టు అంజన్న దర్శనానికని మంగళవారం, శనివారం దిగే చుట్టాలున్న ఇల్లది. ఆ ప్రశ్నకు జవాబు మూడో నోటుబుక్కులో ఇంకా ఖాళీగానే ఉంది.

సబ్సిడీ తీసుకోరాదా అని నేనొకసారి సలహా ఇచ్చాను. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు వస్తాయి. కాకపోతే తీగకు కలిపిన ఇంటికే ఇస్తారు. బావ నా ముఖం చూసి జాలిపడ్డాడు. అటువంటి సోలారు వేయించుకున్న పక్కింటాయన ఇంట్లో లైన్ పోయినప్పుడల్లా చీకటే. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే నెత్తిన మూడు కిలోవాట్లు పెట్టుకొని పక్కింటాయన విసనకర్రతో విసురుకుంటాడు. బావ గోడ మీదుగా తొంగిచూసి ఆనందిస్తాడు. ఆ ఆనందం విలువ 78,000 కంటే ఎక్కువని ఆయన అంచనా.

అసలు శత్రువు వేరే ఉంది. సూర్యుణ్ణి పండనుకొని ఎగిరిన స్వామి కొండ ఇది. ఆ స్వామి పరివారానికి ప్యానెలు కనబడితే ఊరుకుంటుందా? నమూనాకని రేకుల మీద ఒక ప్యానెలు పెట్టి, కోణమానినితో పద్దెనిమిదిన్నర డిగ్రీలు కొలిచి దక్షిణానికి వంచాడు. వారం రోజుల్లో కోతులకది జారుడుబండ అయింది. గులేరు ఎత్తుదామంటే అంజన్న కొండ, పాపం. కొండెంగ బొమ్మ ఫ్లెక్సీ కట్టాడు. రెండు రోజులు భయపడ్డాయి. మూడో రోజు దాని నీడన కూర్చున్నాయి.

అప్పుడే రామగుండం పోయి ఎన్టీపీసీ వాళ్లు 2022లో రిజర్వాయరు నీళ్ల మీద తేలగట్టిన 100 మెగావాట్ల సోలారు చూసొచ్చాడు. ప్యానెలు వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది, నీళ్ల మీదైతే కొంచెం చల్లగా ఉంటుంది. “కోతులు గూడ రావు” అంటూ పాత వ్యవసాయ బావి మీద తేలించే పథకం గీశాడు.

పక్కచేను మల్లన్న బీడీ ఆర్పి, “ఈదుతయి సారూ” అన్నాడు.

ఆ పేజీ చించేశాడు.

ఈ లెక్కలన్నీ ఆయన ఎక్కడ కూర్చొని వేస్తాడో చెప్పనే లేదు కదూ. వాళ్లమ్మ ఉండే పాత గూనపెంకల ఇంట్లో. రెండడుగుల మట్టిగోడలు, ముందు వేపచెట్టు. మే నెలలో బయట నలభై అయిదు డిగ్రీలున్నా అక్కడ ఫ్యాను అడగబుద్ధి కాదు. బావ ఉండే స్లాబు ఇంట్లో ఆ వేళకు నిలవలేం. అందుకే నోటుబుక్కు చంకన పెట్టుకొని ఇక్కడికి వస్తాడు. నాలుగు యూనిట్లూ ఇక్కడ రెండుకు దిగుతాయేమో. ఆ ముక్క అంటే ఒప్పుకోడు. గూన మీద కోతులు దుంకి పెంకలు పగులుతాయి, ప్యానెళ్లు నిలవవు, స్లాబే ఉండాలంటాడు. స్లాబు వేస్తే కాగుతుంది, హైదరాబాదు నుంచి వచ్చే కోడలికి ఏసీ కావాలి. ఏసీ రాత్రికి పది యూనిట్లు తింటుంది. దానికి ప్యానెళ్లు పెంచాలి, పెంచిన ప్యానెళ్లకు స్లాబు పెద్దది చేయాలి.

ఏసీకీ మూడు రోజుల ముసురు లెక్కగట్టి ఇంకో ముప్పై ఆరు బ్యాటరీలని తేల్చాడు. అత్తమ్మ వక్క నములుతూ విన్నది. “ముసురుల ఏసీ ఎందుకు బిడ్డా?” అంది.

బావ చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

కిందటి నెల పని మొదలైంది. పునాదికీ క్యూరింగుకూ నీళ్లు కావాలి, బోరు నడవాలి. సోలారు ఇంకా రాలేదు. స్తంభం మూలనే ఉంది. తాత్కాలిక కనెక్షను తీసుకున్నాడు, మీటరు తిరుగుతోంది. దర్శనానికి వచ్చినప్పుడు గుట్ట కింద ఆగి పలకరించండి, సంతోషంగా ప్లాను చూపిస్తాడు. స్తంభం నుంచి దిగిన ఆ తీగ సంగతి మాత్రం ఎత్తకండి.