మా మేట్రనమ్మ ఆటకు పంపేది

మొన్న బీపీ చూపించుకుందామని ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారి గది రెండో అంతస్తులో. మెట్లెక్కి వెళ్దామని చూస్తే, మెట్ల తలుపుకి అడ్డంగా సెలైన్ అట్టపెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. అక్కడున్న నర్సమ్మాయిని దారి అడిగాను. "మెట్లెందుకమ్మా, లిఫ్టుంది కదా. మేమూ అందులోనే వెళ్తాం" అంది. పాతికేళ్లుంటాయేమో. బూటులోంచి మడమ బయటికి లాగి, ఒంటికాలి మీద బరువు ఆన్చి నిలబడింది. చీలమండ చుట్టూ మేజోడు పట్టీ దిగిన గుర్తు వేలు పట్టేంత లోతుగా ఉంది. వాపు. ఆ తలుపు పక్కనే గోడ మీద, రోజూ అరగంట నడిచి గుండెను కాపాడుకోమని రోగులకు రాసిన బోర్డు. నాకు కడుపు మండిపోయింది.

1974లో నేను విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో నర్సింగులో చేరాను. 1923లో కొండవాలు మీద మొదలైన ఆసుపత్రి అది. కింది రోడ్డును ఇప్పటికీ ఊరంతా కేజీహెచ్ డౌన్ అనే అంటుంది. హాస్టలు నుంచి వార్డుకి, వార్డు నుంచి థియేటరుకి ఎక్కడమో దిగడమో తప్పేది కాదు. గాజు సిరంజిలు మరగబెట్టాలి, మొద్దుబారిన సూదులు రాతి మీద నూరాలి, గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టాలి, డ్రెస్సింగ్ డ్రమ్ములు ఆటోక్లేవుకి మోసుకెళ్లి తేవాలి. పొద్దున్నే పక్కలన్నీ సర్దాలి. లేవలేని రోగికి ఒళ్లు తుడిచి, పక్కకి తిప్పి, వీపుకి స్పిరిట్ రుద్ది పౌడరు వెయ్యాలి. ఆక్సిజన్ సిలిండరును వంచి, అంచు మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లడం వార్డుబాయ్‌తో పాటు మాకూ వచ్చు.

అయితే, అంత పని చేశాం కాబట్టే గట్టిగా ఉన్నామని నేననను. బరువులెత్తి నడుం పోగొట్టుకున్నవాళ్లు నా బ్యాచిలోనే ఉన్నారు. పని వేరు, వ్యాయామం వేరు. ఆ తేడా మా మేట్రనమ్మకి తెలుసు. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లు టీ తాగాక హాస్టలు ముందు ఖాళీ స్థలంలో రింగు ఆడాల్సిందే. రానివాళ్లు ఎందుకు రాలేదో చెప్పాలి. కాళ్లు లాగుతున్నాయమ్మా అంటే, "నిలబడి నిలబడి లాగే కాళ్లకి పరుగే మందు, పద" అనేది. వార్డులో పని మిగిలిందని ఎవరైనా ఆగిపోతే తనే వెళ్లి ఆ సిస్టరుని బయటికి పంపి, కాసేపు ఆ కుర్చీలో తను కూర్చునేది. మా ఒంటి బాగోగులు కూడా తన డ్యూటీలో భాగమే అనుకునేది ఆవిడ. ఇప్పుడు అలా అనుకునేవాళ్లు ఒక్కరూ కనిపించరు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదలకు గొప్ప మేలు చేసింది, కాదనను. దాంతో పాటే ఫొటోలు, అనుమతులు, అప్‌లోడ్లు వచ్చి చేరాయి. రికార్డులు రాసేవాళ్లు, బిల్లింగువాళ్లు, ల్యాబువాళ్లు కుర్చీలకి అతుక్కుపోయారు. నర్సుకేమో రోగి దగ్గర సగం పొద్దు, కంప్యూటరు ముందు సగం పొద్దు. పీజీ డాక్టరు రాత్రంతా మేలుకొని, పొద్దున్న క్యాంటీన్లో పఫ్ తిని మళ్లీ రౌండ్సుకి వెళ్తాడు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. నైట్ డ్యూటీలో నలభై మంచాలకి ఒక్కతే ఉన్న రోజులు నేనెరుగుదును. అలాంటి పిల్లని పట్టుకుని జిమ్ముకి వెళ్లు అంటే ఏం న్యాయం? ఇంటికెళ్తే పొయ్యి, పిల్లలు, అత్తగారి మందులు ఎదురుచూస్తుంటాయి.

2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మందికి ఒంటికి కావలసినంత కదలిక లేదు. మగవాళ్లలో ఇది 42 శాతమైతే ఆడవాళ్లలో 57. నర్సుల్లో ఎక్కువమంది ఆడవాళ్లేనని నేను వేరే చెప్పాలా?

రిటైరయ్యే ముందు నేను పనిచేసిన ఆసుపత్రిలో పెద్దసారుని ఓ మాట అడిగాను. వెనకున్న ఖాళీ స్థలంలో ముళ్లకంప కొట్టించి, దీపం పెట్టిస్తే పిల్లలు సాయంత్రం ఆడుకుంటారు సార్ అన్నాను. "రోజంతా నడుస్తూనే ఉంటారు కదా సిస్టర్, ఇంకా ఎందుకు?" అన్నారు. చదువుకున్న డాక్టరు అనాల్సిన మాటేనా అది? మంచానికీ మంచానికీ మధ్య నాలుగడుగులు వేసి ఆగడం, మళ్లీ నాలుగడుగులు. అందులో ఊపిరి వేగం పెరగదు, మనసుకి తెరిపి ఉండదు. ఆ స్థలంలో తర్వాత కార్ల పార్కింగు వేశారు.

ఏటా జూన్ 21న యోగా దినం చేస్తారు. 2025లో మా విశాఖ బీచ్‌లో ప్రధానమంత్రే వచ్చి ఆసనాలు వేశారు. సంతోషం. మరి జూన్ 22న ఎవరైనా చాప పరిచారా? పని చేసే చోటే అయిదు నిమిషాలు చేసుకోమని ఆయుష్ శాఖ వై-బ్రేక్ అని ఒకటి తయారుచేసి పెట్టింది. ఆ అయిదు నిమిషాలూ వార్డు చూసుకునే మనిషిని ఇస్తే కదా ఏ నర్సయినా లేచేది!

పెద్దవాళ్లకి వారానికి 150 నిమిషాలైనా ఒంటికి కాస్త చెమట పట్టే కదలిక ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒకేసారి పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అని ఒకప్పుడు చెప్పేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే. 1953లోనే లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని చూపించాడు. ఆసుపత్రిలో మెట్ల విలువ అంతటిది. వాటికి డబ్బు ఖర్చు లేదు, ముందే కట్టి ఉన్నాయి.

ఆసుపత్రులు నడిపే అయ్యలారా, అమ్మలారా, డ్యూటీ చార్టు వేసేటప్పుడే ప్రతి షిఫ్టులోనూ ప్రతి మనిషికీ పది నిమిషాలు రాసిపెట్టండి. ఆ పది నిమిషాలు వార్డు ఎవరు చూస్తారో కూడా పక్కనే రాయండి. అంతకంటే ముందు, మెట్ల తలుపుకి అడ్డంగా ఉన్న ఆ అట్టపెట్టెలు ఈ రోజే తీయించండి.