టికెట్టు పద్యానికి టీక

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి రఘువంశానికి వ్యాఖ్య మొదలుపెడుతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నేను మొదటి సగమే పెట్టుకుంటున్నాను. రెండో సగం తణుకులో సాగదు. అక్కర్లేనిది చెప్పకుండా ఇక్కడ ఒక్క టీ కూడా పూర్తికాదు.

వ్యాఖ్యానించబోయే పద్యం ఆటవెలది. కవి మా బామ్మర్ది. తాళపత్రం ఫ్లెక్సీల షాపువాడిచ్చిన బిల్లు వెనకవైపు. నరేంద్ర సెంటర్లో టీ తాగుతూ రాశాడనడానికి సాక్ష్యం మూడో పాదం మీద గ్లాసు అడుగు దిగిన గుండ్రటి మరక. ఇంటర్లో నేను బలవంతాన నేర్పిన ఛందస్సు ముప్పై ఏళ్లకు ఇలా బయటపడింది. నన్నయ మా ఊరివాడేనని చెప్పుకునే చోట ఇది పెద్ద వింతేం కాదు.

మూలము

దర్శకుండు మనకు దగ్గరి చుట్టమే
పాట కట్టువాడు పక్కయూరె
నవల రాయునతడు నాలుగూళ్లకవల
టికెటు మాత్ర మెందు నొకటి లేదు

టీక

దర్శకుండు = సినిమా తీయువాడు. సంస్కృతంలో ‘దర్శము’ అంటే అమావాస్య. కనుక అమావాస్యకో పున్నానికో ఒక సినిమా తీయువాడని కూడా అర్థం. ఈ లెక్కన ఇతడు రాజమౌళే. ‘బాహుబలి’ రెండో భాగం 2017 ఏప్రిల్‌లో వస్తే, ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి దాకా రాలేదు. ఈ మధ్యలో మా బామ్మర్దికి రెండో కూతురు పుట్టింది, నడిచింది, బళ్లో చేరింది.

ఈ మాటపై వేరే మతాలూ ఉన్నాయి. భీమవరం వైపు పిల్లనిచ్చినవాళ్లు త్రివిక్రమ్ అంటారు. న్యూక్లియర్ ఫిజిక్స్ చదివినవాడు పంచ్ డైలాగుల దగ్గర తేలాడంటే అది డెల్టా నీళ్ల మహిమేనని వారి వాదం. రాజోలు వైపువాళ్లు మట్టపర్రు సుకుమార్ అంటారు. కాకినాడలో లెక్కలు చెప్పిన మాస్టారు కాబట్టి ఆయన సినిమా ఒకసారి చూస్తే అర్థం కాదనీ, రెండోసారి చూడాలనీ వీరి సిద్ధాంతం. రెండో టికెట్టు ఎవరు కొంటారో చెప్పరు. కవిని అడిగితే, ‘ముగ్గురూ మనవాళ్లేనండి’ అన్నాడు. మూలకర్త బతికి ఉండగా వ్యాఖ్య రాయడంలో ఉన్న చిక్కు ఇదే.

మనకు = తణుకువారికి. ఇది గౌరవ బహువచనం కాదు, ఆస్తిహక్కు బహువచనం.

దగ్గరి చుట్టమే = కవి తోడల్లుడి పిన్నత్తగారిది కొవ్వూరు. రాజమౌళి కుటుంబానిదీ కొవ్వూరే. అంతకుమించి చుట్టరికం నాకు దొరకలేదు. చివరనున్న ఏకారం అవధారణార్థకం, అంటే అనుమానించినవాణ్ణి నోరు మూయించేది. ఒక చారిత్రక విశేషం ఇక్కడ చెప్పాలి. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న విడుదలైంది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 4న, కొత్త జిల్లాలొచ్చాయి. తణుకు పశ్చిమలో ఉండిపోయింది, కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వెళ్లింది. గోదావరికి పడమటి గట్టున కూర్చున్న కొవ్వూరు తూర్పు గోదావరి! విరోధాభాసాలంకారానికి ఉదాహరణ వెతుక్కునే విద్యార్థులకు ప్రభుత్వం చేసిన మేలు ఇది. చుట్టం పరజిల్లావాడయ్యాడు కదరా అంటే, ‘అన్నదమ్ములు వేరుపడితే వరసలు పోతాయేంటి బావగారూ?’ అన్నాడు కవి. జవాబు లేదు నా దగ్గర.

పాట కట్టువాడు = సంగీత దర్శకుడు. ఇల్లు కట్టడం, మడి కట్టడం, చీటీ కట్టడం ఎలాగో బాణీ కట్టడం అలాగ. ఇతడు కీరవాణి. రాజమౌళికి పెదనాన్నగారి అబ్బాయి. కీరవాణి, మరకతమణి, ఎం.ఎం. క్రీమ్ అనేవి పర్యాయపదాలు. మొదటిది తెలుగులో, రెండోది తమిళంలో, మూడోది హిందీలో చెల్లుతాయి. డెబ్బైరెండు మేళకర్తల్లో 21వ దాని పేరు పెట్టుకున్నవాడు పాటలు కట్టక వడ్లవ్యాపారం చేస్తాడా అని కవి ప్రశ్న.

2023 మార్చి 13 సోమవారం పొద్దున్న, అక్కడ అమెరికాలో ఇంకా ఆదివారమే, ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. కవి వీధంతా తాపేశ్వరం కాజాలు పంచాడు. పాట రాసింది చంద్రబోస్, పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ, అడుగులు కట్టింది ప్రేమ్‌రక్షిత్, తీసింది కీవ్‌లో రాజభవనం ముందు. కాజాల ఖర్చు మాత్రం తణుకుది. వేదిక మీద కీరవాణి, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానన్నాడు. అదొక అమెరికా అన్నాచెల్లెళ్ల బృందం. మా ఇంట్లో మాత్రం, కొవ్వూరులో ఆ వడ్రంగుల కొట్టు ఏ వీధిలో ఉండేదన్న చర్చ మధ్యాహ్నం భోజనాల దాకా నడిచింది. గోదావరి స్టేషను వెనకాల అని మా మామగారు తేల్చారు. గోదావరి స్టేషను కొవ్వూరుది కాదు, అవతలి గట్టున రాజమండ్రిది.

పక్కయూరె = తణుక్కీ కొవ్వూరుకీ నడుమ నిడదవోలుంది కాబట్టి ‘పక్క’ అన్నది అక్షరాలా చెల్లదు. లక్షణ చెప్పుకోవాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ గట్టున అని అర్థం చేసుకోవడం లేదా? దేవిశ్రీప్రసాద్ పక్షంవారు ఇక్కడ వెదురుపాకను తెస్తారు. అదైతే గోదావరి దాటి వెళ్లాలి, పక్క అనడం ఇంకా సాహసం. అభిమానికి ఊళ్ల మధ్య దూరం కిలోమీటర్లలో ఉండదు, హిట్లలో ఉంటుంది. సినిమా ఆడితే పక్కూరు. పోతే, ‘వాళ్లెప్పుడో మద్రాసెళ్లిపోయారండి’.

నవల రాయునతడు = యండమూరి వీరేంద్రనాథ్. పుట్టింది రాజోలు.

నాలుగూళ్లకవల = పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు, చించినాడ. సరిగ్గా నాలుగు, లెక్క తప్పలేదు. చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే రాజోలు దారి. ఈ నాలుగింట్లో మార్టేరుకు వేరే అభిమానులున్నారు. స్వర్ణ అనే ఎంటీయూ 7029 వరి అక్కడ పుట్టిందే, ఏ హీరోకూ అన్ని ఎకరాల్లో ఫ్యాన్లు లేరు. పసలపూడి వంశీని ఈ పాదంలో కూర్చోబెట్టాలని నాకుంది. ఆయన ‘మహల్లో కోకిల’ నవల రాసి, దాన్నే 1984లో ‘సితార’గా తీసినవాడు, మొదటి పాదానికీ మూడో పాదానికీ ఒక్క మనిషే సరిపోయేవాడు. కవి ఒప్పుకోలేదు. ‘తులసిదళం’ రాత్రిపూట చదివి వారం రోజులు దొడ్లోకి ఒంటరిగా వెళ్లలేదట. ఆ భయానికి ఋణపడి ఉన్నాడు.

ఇక్కడ వ్యాఖ్యాత ఆక్షేపణ ఒకటి. నాలుగూళ్లు దాటి వెళ్లడమెందుకు? దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టిన మండపాక తణుకును ఆనుకునే ఉంది. ఆయన బతికిందీ 1966లో పోయిందీ ఈ ఊళ్లోనే. ‘అమృతం కురిసిన రాత్రి’కి సాహిత్య అకాడమీ 1971లో మేలుకొంది. ఆయన్ని పద్యంలో ఎందుకు పెట్టలేదురా అంటే కవి కాసేపు గ్లాసు తిప్పి, ‘ఆయన ఇక్కడే ఉన్నారు కదండి. ఊళ్లో ఉన్నవాణ్ణి పట్టుకుని మనవాడు మనవాడు అంటామా?’ అన్నాడు. నిజమే. మా బామ్మర్దిని మావాడని నేనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. వాడు హైదరాబాదు వెళ్లి పెద్దవాడైతే చెబుతానేమో.

టికెటు = టికెట్టు. ఛందస్సు కోసం ద్విత్వం పోయింది, దొరక్కపోవడం వల్ల మిగతాదీ పోయింది. మాత్రము = అంతా మనదే అయినా ఇది తప్ప. ఎందు = కౌంటర్లోనూ, ఫోనులోనూ, బ్లాకులోనూ. ఒకటి లేదు = స్పష్టము. టికెటు, నొకటి అన్నచోట ప్రాసయతి. విద్యార్థులు గమనించాలి, నేర్పినది నేను.

తాత్పర్యము

అందరూ మనవాళ్లే. లోపలికి మాత్రం పోనివ్వడం లేదు.

విశేషాలు

ఈ పద్యంలో దర్శకుడున్నాడు, పాటవాడున్నాడు, నవలాకారుడున్నాడు, టికెట్టూ ఉంది. సినిమా లేదు. ఏ సినిమాకు టికెట్టో కవి చెప్పలేదు. అడిగితే పేరు చటుక్కున తోచలేదు కూడా. మొదటి ఆట అన్నాడు, కాగితాలు ఎగరెయ్యాలన్నాడు, పొద్దున్నే తలంటు పోసుకోవాలన్నాడు. ఆలంకారికులు దీన్ని ధ్వని అంటారు, మా అక్కయ్య వేరే మాట అంటుంది. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి సినిమా పేరు నేనూ చెప్పను.

ఇంతవరకు రాసి, సాయంత్రం కవికి చదివి వినిపించాను. అమావాస్య దగ్గర నవ్వాడు, వడ్రంగుల దగ్గర నవ్వలేదు. అంతా విని, ‘బాగుందండి, కానీ ఆఖరి పాదం మారిందండి’ అంటూ చొక్కా జేబులోంచి పెన్ను తీసి బిల్లు మీదే దిద్దాడు:

టికెటు రెండు దొరికె నొకటి మీకు

గణాలు చూశాను. ప్రాసయతి చెడలేదు. తీసుకున్నాను.