ఎనిమిది లంబకోణాలు: ఒక మూలమట్టం ఆత్మకథ

నేను మూలమట్టాన్ని. హైదరాబాద్ శివారు నాదర్‌గుల్‌లో ఇళ్లు కట్టే మేస్త్రీలు నన్ను గునియా అంటారు. తాపీ, తూకం గుండు, రసమట్టం, దారపు ఉండ ఉండే సంచిలోనే నా చోటు. తాపీకి పదునుంది, గుండుకు బరువుంది. నాకున్నది ఒక్క మాట: నా రెండు చేతుల నడుమ ఉన్నది లంబకోణం అని. నా బతుకంతా ఆ మాట మీదే నడుస్తుంది కాబట్టి, దాన్ని ఎందుకు నమ్మాలో చెప్పడమే నా కథ. నా ఒంటిమీది ముద్ర చూసి నమ్మితే చాలదు. ఇంకో మూలమట్టం పక్కన పెట్టి చూసినా చాలదు, రెండూ ఒకే అచ్చులో తప్పుగా పుట్టి ఉండొచ్చు. నన్ను నమ్మాలంటే నిరూపణ కావాలి. నిరూపణ అనగానే అది బడిలో మార్కుల కోసం రాసేదని చాలామంది అనుకుంటారు. ఒక కొలతను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగేది నిరూపణేనని నేనంటాను.

నన్ను పరీక్షించే పద్ధతి తెలిసిన మేస్త్రీకి అరనిమిషం పని. తిన్నని పలక అంచుకు నా ఒక చేతిని ఆనించి, రెండో చేతి వెంట నిలువుగా గీత గీస్తాడు. తర్వాత నన్ను బోర్లా తిప్పి, అదే బిందువు దగ్గర మళ్లీ గీస్తాడు. రెండు గీతలూ ఒకటైతే నేను నిజం. తిప్పినంత మాత్రాన కోణం పెరగదు, తగ్గదు. ప్రతిబింబంలో కోణం చెక్కుచెదరదు. గీతలు ఒకటైతే ఆ గీతకు అటూ ఇటూ ఉన్న రెండు కోణాలూ సమానమే, రెండూ కలిసి సరళకోణమే. అలాంటప్పుడు ఒక్కోటి 90 డిగ్రీలు కాక మరేం కాగలదు? యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో లంబకోణానికిచ్చిన నిర్వచనం కూడా ఇదే: ఒక గీత మీద మరో గీత నిలిచి, పక్కపక్క కోణాలను సమానం చేస్తే అవి లంబకోణాలు. ఆయన పుస్తకంలో డిగ్రీలు లేవు. కోణాలను ఆయన లంబకోణాల లెక్కలోనే చెప్పాడు. ఆ పుస్తకంలో కొలమానం నేనేనని చెప్పుకోవడానికి గర్వపడతాను.

మేస్త్రీ యూక్లిడ్‌ను చదవలేదు, అయినా గోడ నిలుస్తోంది కదా అని అడిగేవారున్నారు. పేరు తెలియకపోయినా అతను చేసింది నిరూపణే. ఇనుము వంగుతుంది, అసలైన సరళరేఖ లోకంలో ఎక్కడుంది అన్నది రెండో అభ్యంతరం. దానికి కూడా జవాబు అదే పరీక్షలో ఉంది. నాలో దోషముంటే రెండు గీతల మధ్య సందు దానికి సరిగ్గా రెట్టింపు కనబడుతుంది. చివర ఒక మిల్లీమీటరు తేడా వస్తే నా తప్పు అర మిల్లీమీటరు. నేను ఎంత తప్పో కూడా నిరూపణే చెబుతోంది. లేజరు పరికరాలు వచ్చాక నీతో పనేముందంటే, వాటిని నమ్మే ముందు కూడా ఏదో ఒక తీరున తిప్పే చూడాలి. రసమట్టాన్ని 180 డిగ్రీలు తిప్పి బుడగ అక్కడే ఉందా అని చూస్తారు. సర్వే నేర్చుకునే విద్యార్థులు థియోడొలైట్‌తో ఒకే కోణాన్ని ఎడమ ముఖంతో ఒకసారి, కుడి ముఖంతో ఒకసారి చదివి సగటు తీస్తారు. యంత్రం మారినా తర్కం మారలేదు.

నాదర్‌గుల్ లాంటి చోట ఈ తర్కానికి వెల ఉంది. ఇక్కడ భూమిని గజాల్లో అమ్ముతారు. 30 అడుగులకు 60 అడుగుల ప్లాటు అంటే 200 గజాలు. నాలుగు వైపులూ టేపుతో కొలిచి, 30, 60, 30, 60 వచ్చాయి, సరిపోయింది అనుకోవడం తేలిక. కానీ అవే భుజాలతో పక్కకు ఒరిగిన సమాంతర చతుర్భుజం కూడా నిలబడుతుంది. మూల 85 డిగ్రీలైతే ముప్పావు గజం, 80 డిగ్రీలైతే సుమారు మూడు గజాలు పోతాయి. భుజాలు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గవు. అందుకే కర్ణాలు రెండూ కొలవాలి. ఎదురెదురు భుజాలు సమానమై, కర్ణాలు కూడా సమానమైతే, ఒకే భుజం మీద నిలిచిన రెండు త్రిభుజాలకు మూడు భుజాలూ సమానమవుతాయి. కాబట్టి ఆ భుజం రెండు కొసల్లోని కోణాలు సమానం. వాటి మొత్తం రెండు లంబకోణాలు, ఒక్కోటి లంబకోణం. ముగ్గు పోసే ముందు 3-4-5 లెక్కతో మూల తీయడం కూడా ఇలాంటిదే. దాన్ని పైథాగరస్ సిద్ధాంతం అంటారు గానీ, వాడేది దాని విపర్యయాన్ని: భుజాలు ఆ లెక్కలో ఉంటే కోణం లంబమవుతుందన్నదాన్ని. యూక్లిడ్ దాన్ని వేరే ప్రతిపాదనగా, మొదటి పుస్తకం చివర, 48వదిగా నిరూపించాడు. తెలుగునాట ఎన్నో కుటుంబాలు అనుసరించే ఆపస్తంబుడి సంప్రదాయంలోని శుల్బసూత్రాల్లో యాగవేదిని తాడుతో కొలవడానికి 3-4-5తో పాటు 5-12-13, 8-15-17, 12-35-37 కూడా ఉన్నాయి. తాడుకైనా టేపుకైనా మాట ఒకటే.

ఇంతవరకూ నేల మీది సంగతి. నేను ఎక్కువగా మెలిగేది గది మూలల్లో. అక్కడ నేల, రెండు గోడలు కలిసి మూడు లంబకోణాలు చేస్తాయి. ఒక బిందువు చుట్టూ చదునుగా పరిస్తే నాలుగు పడతాయి కాబట్టి, ప్రతి మూలలోనూ ఒకటి లోటు. ఎనిమిది మూలలకు ఎనిమిది. పెట్టెలాంటి గదికి ఇందులో వింతేముంది అంటారేమో. ఒకవైపు వాలిన రేకుల షెడ్డు తీసుకోండి. పొట్టి గోడ మీది రెండు మూలల్లో లోటు తగ్గుతుంది, అంతే కొలత పొడుగు గోడ మీది రెండింటిలో పెరుగుతుంది, మొత్తం ఎనిమిదే. ఎల్ ఆకారపు గదిలో బయటి మూలలు పది, లోపలికి పొడుచుకొచ్చిన మూలలు రెండు. ఆ రెండు చోట్లా కోణాల మొత్తం ఐదు లంబకోణాలు, అంటే లోటు మైనస్ ఒకటి. పదిలోంచి రెండు పోతే మళ్లీ ఎనిమిది! ఈ సంగతిని డెకార్ట్ రాసి పెట్టుకున్నాడు. ఆయన రాతప్రతిని 1676లో పారిస్‌లో లైబ్నిజ్ నకలు తీసుకున్నాడు. ఆ నకలు అచ్చులోకొచ్చింది 1860లో.

మొత్తం లోటు ఎనిమిదేనన్నదాని నిరూపణ ఎనిమిదో తరగతి పిల్లలకు అందనిదేమీ కాదు. n భుజాల ముఖంలో కోణాల మొత్తం 2n−4 లంబకోణాలు. ముఖాలన్నీ కూడితే, ప్రతి అంచూ రెండు ముఖాల్లో వస్తుంది కాబట్టి, అంచుల సంఖ్యకు నాలుగు రెట్లలోంచి ముఖాల సంఖ్యకు నాలుగు రెట్లు తీసేసినంత. ప్రతి శీర్షం దగ్గర ఉండవలసింది నాలుగు. కనుక మొత్తం లోటు = 4 × (శీర్షాలు − అంచులు + ముఖాలు). బ్రాకెట్లోది 2 అని ఆయిలర్ 1750లో గోల్డ్‌బాక్‌కు రాశాడు. నాలుగు రెళ్లు ఎనిమిది. ఆయిలర్ సొంత నిరూపణలో లొసుగులుండేవి. గట్టి నిరూపణ 1794లో లెజాండ్ర్ నుంచి వచ్చింది.

బడిలో మాత్రం ఆయిలర్ సూత్రాన్ని ఎక్కువగా పట్టికలో సరిచూపిస్తారు: ఘనం, పట్టకం, పిరమిడ్ లెక్కించు, సరిపోయింది, అయిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. సరిపోవడం నిరూపణ కాదు. మండువా లోగిలిని చూడండి: నడుమ ఆకాశానికి తెరిచిన చదరం, చుట్టూ ఇల్లు. సులువు కోసం ఇంటినంతా ఒకే ఘనవస్తువుగా, పైన చదునైన కప్పుతో ఊహించుకుందాం. శీర్షాలు 16, అంచులు 24. ముఖాలు బయట నాలుగు, లోపల నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం 10. 16 − 24 + 10 = 2. పట్టిక ప్రకారం సూత్రం నెగ్గింది. నా లెక్క మాత్రం ఒప్పుకోదు. బయటి ఎనిమిది మూలల్లో లోటు ఎనిమిది, మండువా చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో మైనస్ ఎనిమిది. మొత్తం సున్నా. రెండింటిలో ఏది నిజం? నిరూపణను మళ్లీ చదివితే తెలుస్తుంది. 2n−4 అన్నది బొక్క లేని ముఖానికే వర్తిస్తుంది. పై ముఖానికి, కింది ముఖానికి నడుమ బొక్క ఉంది. ఒక్కోదానిలో లోపలి మూల నుంచి బయటి మూలకు ఒక గీత గీసి తెంపితే అంచులు 26 అవుతాయి. 16 − 26 + 10 = 0. పట్టికకు దొరకని తప్పు కోణాలకు దొరికింది. బొక్కలున్న బహుముఖులకు సూత్రాన్ని ఎలా సవరించాలో 1813లో లుయిలియే చెప్పాడు: ఆర్‌పార్ బొక్క ఒక్కోటీ 2 తగ్గిస్తుంది, అంటే నా భాషలో ఎనిమిది లంబకోణాలు. రెండు మండువాల ఇంటికి మొత్తం మైనస్ ఎనిమిది.

నాదర్‌గుల్‌లో ఇప్పుడు కట్టేవి మండువా ఇళ్లు కావు, ఈ లెక్క ఇక్కడ ఎవరికి కావాలి అనొచ్చు. కిటికీ కోసం ఖాళీ వదిలిన ఏ గోడైనా మండువా లోగిలిని నిలువునా లేపినట్టే. బయటి ఎనిమిది మూలలు, కిటికీ చుట్టూ ఎనిమిది మూలలు, మొత్తం లోటు సున్నా. రెండు కిటికీల గోడకు మైనస్ ఎనిమిది, మూడింటికి మైనస్ పదహారు. ఆ మూలలన్నింటిలో మేస్త్రీ నన్ను ఆనించే చూస్తాడు.